వ కు గుడిస్తే వి

అంకిసలో ఒక వసతి బడికి కంప్యూటర్ ఆపరేటర్ కావాలని నోటీసు పడింది. ఉన్నది ఒకే ఒక ఉద్యోగం. దానికి మా ఇంట్లోంచి రెండు అర్జీలు వెళ్లాయి. ఒకటి నాది, ఒకటి నా భార్యది. ఆమె అర్జీ ఆమే టైపు చేసుకుంది. నా అర్జీలో రెండు తప్పులుంటే అవి కూడా ఆమే దిద్దింది. అప్పుడు నాకు ఎంత మండిందో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. అయినా చెప్పాలి, ఎందుకంటే ఆమె గొప్పతనం చెప్పడానికి కూర్చుని నా చిన్నతనం దాచిపెడితే లెక్క కుదరదు.

ప్రాణహితకు ఇవతల, సర్కారు కాగితాలన్నీ మరాఠీలో నడిచే సిరొంచలో నాకు కచేరీల ఎదురుగా చిన్న దుకాణం ఉండేది. జిరాక్స్, టైపింగ్, లామినేషన్. చంద్రపూర్‌లో మా పెద్దనాన్న ఇంట్లో ఉండి మరాఠీ టైప్ మెషిన్ నేర్చుకుని వచ్చాను. మెషిన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక కూడా నా వేళ్లు మారలేదు. మెషిన్ మీటల వరుసే కంప్యూటర్లో కూడా వచ్చే ఒక పాత ఫాంటు వేసుకుని అలాగే దంచేవాణ్ని. జనం బల్లకు అటువైపు నిలబడి నా చేతులకేసి చూస్తుంటే, అడిగినదానికన్నా ఇంకొంచెం చప్పుడు చేస్తూ కొట్టేవాణ్ని. ముక్కుమీద కోపం నాకు చిన్నప్పటి నుంచే ఉంది, దానికి తోడు ఈ పనితనం. ఎవరైనా అర్జీలో తప్పు చూపిస్తే కాగితం లాక్కుని వేరే దుకాణానికి పొమ్మనేవాణ్ని. ఆ వీధిలో వేరే దుకాణం లేదు.

నా భార్య మా మేనమామ కూతురు. ప్రాణహిత అవతలి ఒడ్డు నుంచి పడవెక్కి మా ఇంటికొచ్చింది. పది పాసైంది, అంతా తెలుగులోనే. అక్కడి బడుల్లో హిందీ పరీక్ష అంటే ప్రశ్నల్నే తిప్పి జవాబులుగా రాసి వచ్చినా గట్టెక్కేవారు. ఆమె కూడా అట్లా గట్టెక్కినదే. హిందీకీ మరాఠీకీ లిపి ఒకటే, కాబట్టి మరాఠీ అక్షరాలు ఆమెకు సగం తెలుసు, సగం తెలియదు. మాట మాత్రం రెండేళ్లలో పట్టుకుంది, బజారులో బేరాలాడేటంత.

ఒకరోజు మా పాప నోటుబుక్కులో టీచరు మరాఠీలో రెండు వరుసలు రాసి పంపింది. ఇంట్లో నేను లేను. నా భార్య దానికింద తెలుగులో సంతకం పెట్టి, పొద్దున్నే పాపకు రెండు జడలు వేసి బడికి పంపింది. ఆ రెండు వరుసల్లో ఉన్నది రేపు బడికి సెలవని. పాప మూసి ఉన్న బడి మెట్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఎవరో తెలిసినవాళ్లు చూసి తీసుకొచ్చారు.

"చదువరాని దానివి సంతకమెందుకు పెట్టినవ్?" అన్నాను, నలుగురూ వినేటట్టే.

ఆమె లేచి పాప కాళ్లు కడిగి అన్నం పెట్టింది. మూడోరోజు దుకాణానికొచ్చి, "జర ఆ ఇంటర్నెట్ల చూడు బావా, మరాఠీ టైపింగు నేర్పేటిది ఏమన్న ఉన్నదా?" అని అడిగింది. చదవడం రానిదానికి టైపింగెందుకని నవ్వాను. "అక్షరాన్ని చేతితోని కొడితే మరువ. కండ్లతోని చూస్తే మరుస్తున్న" అంది.

అట్లా దొరికింది ఆ ఆన్‌లైన్ కోర్సు. పుణె నుంచి నడిచేది. టైపింగ్ వేగం పెంచడం ఒక భాగం, కార్యాలయ ఉత్తరాలు రాయడం రెండో భాగం. పాఠం తెరమీద వస్తుంది, దాని కింద గడియారం తిరుగుతుంది, నిమిషానికి ఎన్ని మాటలు కొట్టావో, ఎన్ని తప్పులు పోయాయో అదే చెబుతుంది. ఉత్తరాలు మాత్రం వారానికొకటి మెయిల్లో పంపాలి. అవతల ఒక టీచరమ్మ ఎర్రటి అక్షరాలతో దిద్ది తిరిగి పంపేది. ఆమె మొహం మేమెప్పుడూ చూడలేదు.

సిరొంచలో అప్పటి ఇంటర్నెట్ లైను ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. పరీక్ష సగంలో ఉండగా లైను పోతే మళ్లీ మొదటి నుంచి కొట్టాల్సిందే. నేనైతే మౌస్ విసిరికొట్టేవాణ్ని. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. లైను రాగానే మళ్లీ మొదటి మాట నుంచి మొదలుపెట్టేది. ఆ ఓపిక చూస్తే నాకు ఎందుకో కోపమొచ్చేది. ఇప్పుడు ఆలోచిస్తే అది కోపం కాదు, నాలో లేనిది ఆమెలో కనబడిందన్న ఉక్రోషం.

దుకాణంలో ఒక పాత కీబోర్డు మూలన పడేసి ఉండేది. పదేళ్లు నేను దంచిన దంపుడుకు మీటల మీద అక్షరాలన్నీ అరిగిపోయాయి. ఆమె దాన్ని ఇంటికి తెచ్చుకుంది. కొత్తది ఇస్తానంటే వద్దంది. అక్షరాలు కనబడితే కళ్లు కిందికి పోతాయట. అదే ఆమెకు పలక. పగలు వంట ముగించి, మా అమ్మ ఒక కునుకు తీసే వేళ, దేనికీ తగిలించని ఆ కీబోర్డు ముందు పెట్టుకుని గోడకేసి చూస్తూ కొట్టేది.

నేను మా అమ్మతో వెక్కిరింపుగా అన్నాను, నీ కోడలు గోడకు ఉత్తరం రాస్తోందని. మా అమ్మ వేసవిలో తునికాకు కట్టలు కట్టిన మనిషి. ఆమె నావైపు తిరిగి, "ఆకులు కట్టేటోళ్లు కండ్లతోని చూస్తరారా? చేతి ఏళ్లే చూస్తయి. నీకేం ఎరుక?" అంది. ఆ తర్వాత ఆ వేళకు తాను నిద్రపోవడం మానేసి పాపను పక్కింటికి తీసుకుపోయేది.

ఇక్కడ ఒక చిన్న సంగతి విప్పి చెప్పాలి, తర్వాత జరిగిందంతా దాని మీదే నిలబడింది. మరాఠీ రాసే నాగరి లిపిలో గుడి అక్షరం నెత్తిన ఉండదు, అక్షరానికి ఎడమపక్కన కర్రలా నిలబడుతుంది. టైప్ మెషిన్ మీద అచ్చు ఎడమ నుంచి కుడికి పడుతుంది కాబట్టి ముందు గుడి కొట్టాలి, ఆ తర్వాత అక్షరం. 'వి' కావాలంటే గుడి, వ. నా వేళ్లు నేర్చుకున్నది అదీ. కోర్సులో నేర్పింది కొత్త పద్ధతి. అందులో నోటితో పలికిన వరుసలోనే కొట్టాలి. ముందు వ, తర్వాత గుడి. గుడిని తీసుకెళ్లి ఎడమపక్కన నిలబెట్టే పని కంప్యూటరే చూసుకుంటుంది.

నేను నా పద్ధతే చెప్పబోయాను. ఆమె అర్థంకానట్టు నావైపు చూసి, "అక్షరమే లేకుంటె గుడి దేని మీద కూసుంటది బావా?" అంది.

"మెషిన్ల గట్లనే ఉంటది. నోరు మూసుకొని కొట్టు."

ఆమె నోరు మూసుకోలేదు. ఒకటో తరగతిలో నేర్చుకున్న గుణింతం మొదలుపెట్టింది. వ కు గుడిస్తే వి. న కు గుడిస్తే ని. మ కు కొమ్మిస్తే ము. తెలుగులో అంటూ మరాఠీలో కొట్టేది. నదికి అవతల ఏ పంతులు ఏ బెత్తంతో నేర్పాడో గాని, ఆ గుణింతమే నదికి ఇవతల ఆమెకు దారి చూపింది. దుకాణంలో నలుగురి ముందు పెదాలు కదుపుతూ చిన్నపిల్లలా గుణింతం చదువుతుంటే నాకు తలకొట్టేసినట్టయ్యేది. "మనసుల అనుకో" అని కసురుకునేవాణ్ని.

మొదట్లో నిమిషానికి ఏడు మాటలు, ఎనిమిది మాటలు. వానాకాలం ముగిసేసరికి ఇరవై దాటింది. ఇరవై రెండు దగ్గర ఆగిపోయింది. నెలంతా అక్కడే. నేను పైకి జాలిపడుతూ లోపల కుదుటపడ్డాను. అప్పుడు టీచరమ్మ మెయిల్ రాసింది. వేగం మరిచిపో, తప్పు లేకుండా కొట్టు, పదిహేనుకు దిగినా పరవాలేదు అని. నేనది చదివి పకపకా నవ్వాను. వేగం పెరగాలంటే మెల్లగా పొమ్మంటుందేమిటి ఈమె? నా భార్య నవ్వలేదు. చెప్పినట్టే మెల్లగా పోయింది. రెండు వారాలు పదిహేను, పదహారు, ఒక్క తప్పు లేకుండా. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం గడియారం ఆగితే ఇరవై తొమ్మిది చూపించింది. గడియారమేమన్నా పాడైందేమోనని నేను ఇంకోసారి కొట్టించాను. ముప్పై ఒకటి వచ్చింది.

ఉత్తరాల దగ్గరికొచ్చేసరికి ఇంకో వేడుక. కోర్సులో ఒక పాఠం, బడిలో సభ ఉందని తల్లిదండ్రులకు ఆహ్వానం రాయడం. నమూనాలో 'ఆగ్రహాచే నిమంత్రణ' అని ఉంది. మరాఠీలో ఎవరైనా అట్లాగే రాస్తారు. నేను పదేళ్లుగా అచ్చుకొడుతున్న మాట. ఆమె ఆ మాట తీసేసి పంపింది. ఎందుకు తీశావని టీచరమ్మ ఎర్రక్షరాల్లో అడిగింది. నేనూ ఆమెను అదే అడిగాను.

"ఆగ్రహమంటె కోపం గద బావా. ఎవలన్న కోపంగ పిలుస్తరా? గా పిలుపుకు నేనైతె పోను."

ఆ ముక్కే ఆమె తనకొచ్చిన మరాఠీలో టీచరమ్మకు రాసింది. తెలుగులో ఇది కోపం, అందుకే తీశాను అని. జవాబు ఆ రోజే వచ్చింది. మరాఠీలో ఆగ్రహమంటే కోపం కాదమ్మా, భోజనానికొచ్చినవాళ్లు చాలు చాలంటున్నా బతిమాలి ఇంకొకటి వడ్డిస్తామే, అదీ ఆగ్రహం, నీ జవాబు వల్ల నా భాషలో ఆ మాటను ఇవాళ కొత్తగా విన్నాను అని రాసింది. ఆ పూట అన్నం దగ్గర నేను చాలని చెయ్యి అడ్డంపెడితే నా భార్య వేళ్ల సందులోంచి ఇంకో గరిటె కూర వేసింది. "ఇది ఆగ్రహం, కోపం కాదు" అంది. మా అమ్మకు సంగతి తెలియక మమ్మల్ని ఇద్దర్నీ చూసి విసుక్కుంది.

ఇంకోసారి దుకాణంలో నేను అచ్చుతీసిన అర్జీ ఒకటి చేతిలోకి తీసుకుంది. అది పింఛను కోసం వచ్చిన ఒక ముసలామెది. కింద 'ఆపలా విశ్వాసూ' అని ఉంది, అంటే మీ విధేయుడు. "ఆడమనిషి అర్జీల ఆపలా ఏంది? ఆపలీ గదా ఉండాలె?" అంది. నా కంప్యూటర్లో ఉన్న నమూనా ఒకటే, ఎవరొచ్చినా అదే. పదేళ్లలో నా దుకాణం నుంచి ఎంతమంది ఆడవాళ్లు మగవాళ్లై బయటికెళ్లారో నాకు తెలియదు. ఆమె అప్పటికప్పుడు కూర్చుని రెండో నమూనా తయారుచేసి, మొదటిదాని పక్కన పెట్టింది. నేను థాంక్స్ చెప్పలేదు సరికదా, కచేరీలో ఎవడు చూస్తాడు అవన్నీ అన్నాను.

ఇక నేను చేసిన అసలు పాపం. కోర్సు మొదట్లో ఆమె కొట్టడం నేర్చుకుంది గాని గబగబా చదవడం రాలేదు. టీచరమ్మ మెయిళ్లు నేనే చదివి తెలుగులో చెప్పేవాణ్ని. తప్పులన్నీ వరుసపెట్టి చెప్పేవాణ్ని, కొంచెం ఉప్పూకారం వేసి మరీ. మెప్పు ఉన్న వాక్యాలు వదిలేసేవాణ్ని. మొదటిసారి నిజంగానే తొందరలో వదిలేశాను. రెండోసారి నుంచి తెలిసే చేశాను. బల్లకు అటువైపు జనం నా వేళ్లు చూసేవారు కదా, ఇప్పుడు ఆమె వేళ్లు చూస్తున్నారు. అది నాకు పడలేదు. అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

ఒకసారి నేను పనిమీద ముల్చేర వెళ్లి మర్నాడు తిరిగొచ్చేసరికి ఆమె దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. తెరమీద పాత మెయిళ్లు. వేలు పెట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదువుతోంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"వాక్యం సూటిగ ఉన్నదట. శ్రద్ధ కనబడుతున్నదట. టీచరమ్మ గిది గూడ రాసింది గద బావా, నువ్వు చదవలే."

"మర్చిపోయిన" అన్నాను.

"ఏడు ఉత్తరాలల్ల ఏడుసార్లు మర్చిపోయినవా?"

నేను అరుస్తాననుకున్నాను. నా అలవాటు అదే, తప్పు నాదైనప్పుడు గొంతు పెద్దదవుతుంది. ఆ రోజు గొంతు లేవలేదు. ఆమె మెయిళ్లు మూసేసి, నేను పొద్దుటి నుంచి ఏమన్నా తిన్నానా అని అడిగి, ఇంటికెళ్లింది. ఆ రోజు నుంచి నన్ను ఒక్క మెయిలూ చదవమనలేదు.

అదిగో, ఆ తర్వాతే అంకిస నోటీసు పడింది. మరాఠీలో నిమిషానికి ముప్పై మాటలు, కొత్త పద్ధతిలో. దానికి తోడు ఒక ఉత్తరం సొంతంగా రాయాలి. పరీక్ష అహేరిలో. నోటీసు కాగితం నా దుకాణానికే జిరాక్స్‌కు వచ్చింది. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, "నేను అర్జీ ఏస్త" అంది.

"దుకాణం ఉన్నది గద. ఇది నీది గాదా?"

"నీ దుకాణం బావా. నేనొచ్చి కూసుంటున్న, గంతే. మూసిన బడికి బిడ్డను తోలిన తల్లిని నేను. నన్ను నమ్మి ఒక బడి వాళ్లు కాగితాలు చేతుల పెడ్తె, గప్పుడు నా మనసు నిమ్మళమైతది" అంది.

ఇన్నాళ్లూ ఆ మెట్ల మీది మధ్యాహ్నాన్ని ఆమె మరిచిపోయిందనుకున్నాను. నేను నలుగురిలో అన్న మాట కూడా. ఏదీ మరువలేదు. ఆ ఉద్యోగం ఆమెకు జీతం కాదు, నేను తీసేసిన మర్యాద. అంతా అర్థమై కూడా మర్నాడు నేనూ అర్జీ వేశాను. అడిగినవాళ్లకు దుకాణం సరిగా నడవడం లేదని చెప్పాను. నిజానికి ఆమెకు వస్తుందేమోనన్న భయంతో వేశాను. మా అమ్మ మాత్రం, "ఎవలకొచ్చినా మనింటికే గద" అని తేల్చేసింది. నా భార్య నా అర్జీ చూసి రెండు తప్పులు దిద్ది ఇచ్చింది.

కొత్త పద్ధతి మీటలు నేను నాలుగు రోజుల్లో పట్టేశాను. ఎక్కడ ఏ అక్షరముందో తెలిస్తే చాలదా అనుకున్నాను. ఆమె నన్ను వారించింది కూడా. "మీటలు గాదు బావా, వరుస మారాలె. జర మెల్లగ కొట్టు" అంది. నాకే పాఠం చెబుతావా అని కసిరాను.

పరీక్ష రోజు పొద్దున్నే మొదటి బస్సెక్కాం. కమలాపూర్ పోయే మలుపు దాకా ఆమె వేళ్లు ఒళ్లోని సంచి మీద కదులుతూనే ఉన్నాయి. నేను కిటికీకి తలానించి నిద్రపోయాను. అంత ధీమా.

హాల్లో పదిహేను మందికి మించి లేరు. ఇద్దరికీ ఒకే వరుస వచ్చింది, మధ్యలో ఒక కుర్చీ ఎడం. పది నిమిషాలన్నారు. గంట కొట్టగానే మొదలుపెట్టాను. హాలంతటికీ నా మీటల చప్పుడే పెద్దది. రెండు వరుసలు కొట్టి తెరకేసి చూశాను. ప్రతి గుడీ అక్షరాన్ని వదిలి, ముందున్న అక్షరాన్ని పట్టుకుంది. మాట మొదట్లో గుడి ఉన్నచోట అక్షరానికి బదులు చుక్కల సున్నా ఒకటి, దాని పక్కన దిక్కులేని గుడి. మనవి అనే అర్థమున్న 'వినంతీ' అన్న మాట నా తెరమీద ఎవరూ చదవలేని ఏదో అయిపోయింది. వెనక్కి పోయి దిద్దాను. మళ్లీ వేగమందుకున్నాను. వేగమందుకోగానే వేళ్లు మళ్లీ చంద్రపూర్‌కే వెళ్లిపోయాయి. ముందు గుడి, తర్వాత అక్షరం. చెమటలు పట్టాయి. పక్కకు చూశాను.

ఆమె చూపు కాగితం మీద ఉంది. చేతులు మీటల మీద, అస్సలు చప్పుడు లేదు. పెదాలు సన్నగా కదులుతున్నాయి. ఏమంటున్నాయో ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు. దుకాణంలో విని తలకొట్టేసినట్టయిన గుణింతమే అది. ఆ క్షణంలో నా పరీక్ష పోతున్నా సరే, ఒక్కసారి ఆ చేతులకేసి చూస్తూ ఉండిపోయాను. అంత అందమైన పని నేనెప్పుడూ చేయలేదు. ఇది ఆ రోజే ఆమెకు చెప్పి ఉండాల్సింది.

మూడు వారాలకు జాబితా వచ్చింది. మొదటి పేరు ఆమెది. పాసైనవాళ్లలో నా పేరు లేదు. జాబితా కూడా నా దుకాణానికే జిరాక్స్‌కు వచ్చింది, అది వేరే సంగతి.

నాలుగు రోజులు నేను ఇంట్లో ఎవరితోనూ సవ్యంగా మాట్లాడలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందన్నాను, తక్కువైందన్నాను. ఒకాయన ఆధార పత్రాలు జిరాక్స్ అడిగితే కాగితాలు మొహాన కొట్టినంత పనిచేశాను. ఆమె నన్ను బుజ్జగించలేదు, క్షమించమనీ అడగలేదు. ఎందుకడగాలి? నాలుగోరోజు నేను చెప్పులేసుకుంటుంటే గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"బావా, ఒక్క మాట అడుగుత. నేను సంతోషపడాల్నా, వద్దా? నాలుగు దినాల సంది దాచిపెట్టుకొని తిరుగుతున్న. పరేషానైతున్నది."

ఏ తిట్టూ నాకు అంత లోతుగా దిగలేదు. బయటికి వచ్చేశాను. కానీ ఆ పూట దుకాణం తెరిచి ఒక్క కాగితమూ సరిగా కొట్టలేకపోయాను.

చేరాల్సిన రోజు నేనే బండి మీద అంకిస తీసుకెళ్లాను. ఉత్తర్వు కాగితం సంచిలో ఉంది, సంచి గుండెలకు హత్తుకుని ఆమె వెనక కూర్చుంది. బడి ఆఫీసులో ఒక పెద్దాయన, తలంతా నెరిసిన గుమాస్తా, బల్ల దగ్గర ఉన్నాడు. లోపల పిల్లలు పాఠం అప్పజెబుతున్నారు. నేను ముందు నడిచాను, ఆమె రెండడుగుల వెనక. పెద్దాయన నన్ను చూసి కుర్చీ జరిపాడు. కాగితమొకటి, పెన్నొకటి నా ముందు పెట్టాడు.

"ఆపరేటర్‌వి నువ్వేనా? కూసో. విధులల్ల చేరిన్నని మరాఠీల రాసి సంతకం పెట్టు."

నా వెనక ఆమె ఆగిపోయింది. నేను చెప్పాల్సింది చిన్న మాట. కాదు, ఆమె, అంటే సరిపోతుంది. నాకు అది చాలదనిపించింది.

"నేను గాదు సార్. నేను గూడ పరీక్ష రాసిన. తప్పిన. పాసైంది ఈమె" అన్నాను.

జన్మలో మొదటిసారి నలుగురి ముందు తప్పానని నా నోటితో నేను చెప్పుకున్నాను. పెద్దాయన నన్నూ ఆమెనూ మార్చిమార్చి చూసి, బల్ల మీదున్న ఆమె అర్జీ తిరగేశాడు.

"ఈమె అవతలి ఒడ్డామె గదా? మరాఠీ వస్తదా?"

"నాకన్న మంచిగ వస్తది సార్."

కుర్చీ ఆమె వైపు జరిపాను. ఆమె కూర్చుంది. పెన్ను తీసుకుని మెల్లగా, ఒక్కొక్క అక్షరం నిలబెట్టుకుంటూ రాయడం మొదలుపెట్టింది. చేత్తో రాయడం ఆమెకు ఇంకా కొత్తే. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. నేను రాసిస్తే అర నిమిషం పని. చెయ్యి చాపలేదు.

సంతకం దాకా వచ్చాక ఆమె తలెత్తింది. నావైపు కాదు, ఎదుటి గోడకేసి. మొహమంతా నవ్వు. ఇన్నాళ్లూ నా భయానికి దాచిపెట్టుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చేసింది, ఎవరు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు. తర్వాత వంగి, మరాఠీలో తన పేరు రాసింది.